పౌర్ణమినాటి శుక్రవారము

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడు నిలిపించిన శాసనస్తంభమును చూడవచ్చినవారు సాధారణముగా ఆ నల్లరాతి నునుపును, అక్షరముల పొందికను మెచ్చుకొని మరలిపోవుదురు. కాని ఆ శాసనపు మొదటి పంక్తులలో, సంస్కృత శ్లోకములింకను ఆరంభము కాకమునుపే, తేటతెలుగున చెప్పబడిన కాలనిర్దేశమొకటి కలదు. చరిత్రకారునకు తక్కిన కావ్యమంతటికంటెను అదియే విలువైనది. శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారము. ఇంతే.

శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చునని మనము బడిలో నేర్చుకొన్నదే గనుక, కొందరు ఈ శాసనమును 1162వ సంవత్సరమునకు చేర్తురు. అయితే చిత్రభాను 1162 వసంతమున ఉగాదితో మొదలై మాఘమాసమునకు వచ్చునప్పటికి పాశ్చాత్యుల సంవత్సరము మారిపోయినది. కావున ఆ తిథి పడినది 1163 జనవరి 19వ తేదీన. వడ్డవారమనగా ఏ వారమో తెలియక ఒకప్పుడు పండితులు తర్జనభర్జన పడిరి గాని, గ్రహగణితము ననుసరించి లెక్క కట్టిచూడగా ఆనాడు శనివారమగుచున్నది, చంద్రుడును సరిగా త్రయోదశియందే యున్నాడు. నాలుగు సాక్ష్యములును ఒక్కమాట చెప్పినప్పుడు ఇక సందేహమునకు తావేది? సూయెలు, శంకర బాలకృష్ణ దీక్షితులు కలిసి 1896లో ప్రకటించిన గ్రంథమును, మదరాసు శాసనసభకు అధ్యక్షత వహించిన ఎల్.డి. స్వామికన్ను పిళ్ళెగారు 1922లో వెలువరించిన బృహత్పట్టికలును ముందుంచుకొని మన శాసనపరిశోధకులు ఇట్టి లెక్కలను వేలకొలదిగా కట్టిరి. రుద్రమదేవి నిర్యాణకాలము 1289 నవంబరు ప్రాంతమని నేడు మనము చెప్పగలుగుచున్నామన్నను, నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము శకవర్షము 1211ను, విరోధి సంవత్సరమును, మార్గశిరమును చెప్పియుండుట వలననే.

పిళ్ళెగారు క్రైస్తవులు. ఆయన తన పట్టికలను హిందూదేశపు శాసనములకొరకే సిద్ధపరచినను, తిథివారములను జతగా పట్టుకొని కాలమును నిలదీయు ఆ పద్ధతి ఒక్క మనదేశమునకే చెందినది కాదు. అమెరికను బాప్టిస్టు మిషను 19వ శతాబ్ది చివర హనుమకొండలో స్థిరపడిన నాటినుండి హనుమకొండ, వరంగల్లు జంటనగరములలో ఏటేట జరుగుచున్న శుభ శుక్రవారమును, ఈస్టరును మన మెరుగుదుము. ఒకయేడు మార్చిలోను, మరొకయేడు ఏప్రిలు నడుమను వచ్చు ఆ పండుగ ఏల ఇట్లు జరుగునని అడిగినవానికి, అది చంద్రునితో ముడివడిన పండుగ గనుక అనియే సమాధానము. ఆ ముడి యూదుల పంచాంగమునుండి వచ్చినది. యేసుక్రీస్తు సిలువ వేయబడిన దినము ఏదియను ప్రశ్నకు పండితులు సమాధానము వెదకినదియు ఆ పంచాంగముననే.

యూదుల మాసము చాంద్రమాసము. మనకు అమావాస్య గడచిన పాడ్యమితో నెల మొదలుకాగా, వారికి పడమటి ఆకాశమున నెలవంక కంటబడిన సాయంకాలముతో మొదలగును. రంజాను నెలకొరకు వరంగల్లు ముసల్మానులు మేడలెక్కి నెలవంకను వెదకునట్లే పూర్వము యెరూషలేమువాసులును కొండలెక్కి చూచెడివారు. అందుచేత వారి మొదటి తేదీ మన పాడ్యమికో విదియకో, వారి పదునాలుగవ తేదీ ఇంచుమించు మన పూర్ణిమకు సరిపోవును. దినమును లెక్కించుటయందును వారికిని మనకును తేడా కలదు: మన దినము సూర్యోదయముతోను, వారి దినము సూర్యాస్తమయముతోను ఆరంభమగును. గురువారము దీపములు పెట్టిన పిమ్మట జరిగిన భోజనము వారి లెక్కలో శుక్రవారపు భోజనమే. ఈ చిన్న సంగతిని మరచి ఎందరు వ్యాఖ్యాతలు తడబడిరో చెప్పజాలము.

నెలవంకను చూచుట యనునది వారికి ఇంటింటి వ్యవహారము గాక న్యాయస్థానపు వ్యవహారమై యుండెను. క్రీస్తుశకము 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా యను ధర్మసంహితలో రోష్ హషానా యను భాగము ఈ విచారణను కన్నులకు కట్టినట్లు వర్ణించుచున్నది. చంద్రరేఖను చూచినవారు యెరూషలేమునకు పోయి మహాసభయెదుట సాక్ష్యము చెప్పవలెను. విశ్రాంతిదినమున ప్రయాణము నిషిద్ధమైనను ఈ సాక్షులకు ఆ నిషేధము లేదు. వారికొరకు విశాలమైన ముంగిలియొకటి ప్రత్యేకింపబడియుండెను. మరల వచ్చుటకు ఉత్సాహపడునట్లు అచ్చట వారికి విందులు చేసెడివారు. తరువాత ఇద్దరిద్దరిని విడివిడిగా ప్రశ్నించెడివారు: చంద్రుడు సూర్యునికి ముందున్నాడా, వెనుకనా? ఉత్తరముననా, దక్షిణముననా? ఎంత ఎత్తున నుండెను? కొమ్ములు ఏవైపునకు వాలియుండెను? చంద్రుని కొమ్ములు సూర్యునివైపు తిరిగియుండుట ఎన్నడును పొసగదు గనుక, అట్లు చూచితినని చెప్పినవాడు కల్లసాక్షిగా తేలిపోవును. జూదరులకును, వడ్డీవ్యాపారులకును సాక్ష్యార్హత లేదు. రబ్బాన్ గమలీయేలు తన మేడగదిలో చంద్రుని ఆకారములను పలకమీదను గోడమీదను చిత్రింపించియుంచి, పామరులైన సాక్షులకు వాటిని చూపి, నీవు చూచినది ఇట్లున్నదా అట్లున్నదా యని అడిగెడివాడట. వేధశాల లేని కాలమున ఇంతకంటె జాగ్రత్తగా ప్రశ్నించుట ఎవరికి సాధ్యము?

నెల నిశ్చయమైన రాత్రి ఒలీవల కొండమీద మంట వెలిగించిన, దానిని చూచి ఆవలి కొండమీదివారును, వారిని చూచి మరియొక కొండమీదివారును వెలిగింపగా వార్త దూరదేశములలోని యూదులకు చేరెడిది. విరోధులు దొంగమంటలు పెట్టి తప్పుదారి పట్టించుటచే పిమ్మట దూతలను పంపవలసివచ్చెను. దూతలు సకాలమున చేరలేని దేశములలో పండుగను రెండుదినములు చేయు ఆచారము అట్లు పుట్టినదే.

ఆ గమలీయేలు గూర్చిన కథ మరియొకటి కాలనిర్ణయము చేయగోరువారెల్లరును జ్ఞాపకముంచుకొనదగినది. ఒకసారి ఆయన అంగీకరించిన సాక్ష్యము తప్పని యెహోషువ యను పండితునకు తోచెను. అప్పుడు గమలీయేలు ఆయనకొక ఆజ్ఞ పంపెను: నీ లెక్క ప్రకారము ప్రాయశ్చిత్తదినమైన నాడు నీవు చేతికర్రయు డబ్బుసంచియు పట్టుకొని నాయొద్దకు రావలెను. ఆ పవిత్రదినమున ఆ రెండింటిని పట్టుకొని నడచుట మహాపరాధము. అకీబా అను మరియొక పండితుడు నచ్చజెప్పగా యెహోషువ అట్లే వచ్చెను. గమలీయేలు లేచి ఆయన శిరమును ముద్దాడి, విద్యలో గురువువు, మాట వినుటలో శిష్యుడవు అను భావమున ఆదరించెను. ఆకాశమున చంద్రుడెచ్చటనున్నను సరియే, సభవారు ప్రకటించినదే తేదీ. నేటి ఖగోళవేత్త తన యంత్రముతో లెక్కకట్టి, ఆ సాయంకాలము చంద్రరేఖ కనబడియుండవలెనని మాత్రమే చెప్పగలడు. అది కనబడినదా, మబ్బు కమ్మినదా, సాక్షులు వచ్చిరా యనునది అతనికి అందని విషయము. ఒక దినము అటునిటు అగుటకు ఎప్పుడును అవకాశము కలదు.

ఒక మాసము అటునిటు అగుటకును అవకాశము లేకపోలేదు. పన్నెండు చాంద్రమాసములు సౌరసంవత్సరమునకు దాదాపు పదునొకండు దినములు తక్కువ గనుక మనవలెనే వారును అధికమాసమును కలుపుకొందురు. తరువాతి కాలమున పందొమ్మిదేండ్లకు ఏడు అధికమాసములను స్థిరమైన నియమము ఏర్పడినది. దానిని సాంప్రదాయికముగా రెండవ హిల్లేలునకు, 4వ శతాబ్ది నడుమకు ఆరోపింతురు. కాని యేసు కాలమున అట్టి నియమము లేదు. నీసాను నెలలో పస్కాపండుగకు గొర్రెపిల్లలు కావలెను, ఆ వెంటనే యవల తొలిపనను అర్పింపవలెను. పైరు పండకపోయినను, పిల్లలు మరీ లేతగానున్నను, నీసానునకు ముందటి అదారు నెలను రెండవమారు చేసి నీసానును ముప్పది దినములు వెనుకకు నెట్టెడివారు. పంచాంగమునకు పొలము సాక్ష్యమిచ్చుట యన్న మాట! వ్యవసాయమెరిగిన మనవారికి ఇది వింతగా తోచదు గాని, గణితజ్ఞునకు మాత్రము ఇది పెద్ద చిక్కు.

ఇక మూలవిషయమునకు వత్తము. నాలుగు సువార్తలును యేసు శుక్రవారమున, విశ్రాంతిదినమునకు ముందునాడు, పస్కా సమయమున సిలువ వేయబడెనని ఏకకంఠముగా చెప్పుచున్నవి. పొంతి పిలాతు యూదయకు అధిపతిగా నుండిన కాలము క్రీస్తుశకము 26 మొదలు 36 వరకు. అనగా ఈ పదేండ్లలో ఏయేట పస్కా శుక్రవారముతో కలిసినదో చూచిన చాలును. ఒకే తిథి ఒకే వారమున పడుట సగటున ఏడేండ్లకొకసారి కావున, పదేండ్ల గవాక్షములో ఒకటి రెండు అవకాశములకు మించి ఉండరాదు.

అయితే ఇచ్చట సువార్తలలోనే ఒక భేదము తలయెత్తుచున్నది. మత్తయి, మార్కు, లూకాల ప్రకారము కడరాత్రి భోజనమే పస్కా భోజనము. అట్లయిన శుక్రవారము నీసాను 15. యోహాను ప్రకారము యేసును పిలాతు నొద్దకు తెచ్చినవారు ఇంకను పస్కా భుజింపలేదు, గొర్రెపిల్లలు ఆ సాయంకాలము వధింపబడవలసియున్నవి. అట్లయిన శుక్రవారము నీసాను 14. ఈ రెండింటిని సమన్వయించుటకు జరిగిన ప్రయత్నములు లెక్కకు మిక్కిలి. మృతసముద్రపు గుహలలో 1947 మొదలుకొని బయటపడిన వ్రాతప్రతులలో 364 దినముల సౌరపంచాంగమొకటి కనబడగా, దాని ననుసరించి యేసు మంగళవారము రాత్రియే పస్కా భుజించెనని ఆనీ జోబేరు అను ఫ్రెంచి విదుషి 1957లో వాదించెను. చమత్కారమైన వాదమే గాని, యేసుగాని ఆయన శిష్యులుగాని ఆ పంచాంగమును పాటించిరనుటకు ఆధారము మృగ్యము. యోహాను చెప్పిన నీసాను 14నే గ్రహించినవారు నేడు ఎక్కువమంది.

అట్లు గ్రహించినచో ఏమగునో దగ్గరగా చూతము. 30వ సంవత్సరమున మార్చి 22 రాత్రి అమావాస్య ముగిసినది. మరునాటి సాయంకాలమునకు చంద్రుడు మరీ పసివాడు, కంటికానడు. 24వ తేదీ సాయంకాలము కనబడును. అంతట నీసాను 1 మార్చి 25 పగలు కాగా, నీసాను 14 ఏప్రిలు 7, శుక్రవారము. 33వ సంవత్సరమున అమావాస్య మార్చి 19 మధ్యాహ్నమున ముగియగా, 20వ తేదీ సాయంకాలము నెలవంక కనబడి, 21 నీసాను 1, ఏప్రిలు 3 నీసాను 14. అదియు శుక్రవారమే. 31, 32 సంవత్సరములలో ఆ తిథి శుక్రవారమునకు చేరువకైనను రాలేదు. ఇక మిగిలినవి ఈ రెండే. సర్ ఐజాక్ న్యూటను మాత్రము, ఆయన మరణానంతరము 1733లో అచ్చయిన గ్రంథమున, 34వ సంవత్సరపు ఏప్రిలు 23ను ఎన్నుకొనెను. కాని ఆయేడు పైరు ఆలస్యమై అధికమాసము కలిపిరనుకొన్నప్పుడే ఆ తేదీ నిలుచును.

ఈ లెక్కకంతకును ఆధారమైన సంగతి ఒకటి మనము సాధారణముగా తలపనిది. ఏడుదినముల వారచక్రము నాటినుండి నేటివరకు ఎచ్చటను తెగలేదు. 1582లో పోపు గ్రెగరీ పంచాంగమును సంస్కరించి పది తేదీలను ఎగురగొట్టినప్పుడు కూడ అక్టోబరు 4 గురువారమునకు మరునాడు అక్టోబరు 15 శుక్రవారమే అయినది. యెరూషలేములోని శుక్రవారమును హనుమకొండలోని వడ్డవారమును ఒకే గొలుసులోని లంకెలు.

30, 33లలో ఏది? ఆక్స్‌ఫర్డు ఖగోళవేత్త ఫోదరింగ్‌హాము 1934లో 33ను సమర్థించెను. 1983లో హంఫ్రీసు, వాడింగ్టను అనువారు నేచరు పత్రికలో మరియొక సాక్ష్యమును చేర్చిరి: 33 ఏప్రిలు 3 సాయంకాలము యెరూషలేమున చంద్రుడు గ్రహణముతోనే ఉదయించెను; అపొస్తలుల కార్యములలో పేతురు ప్రసంగమున చంద్రుడు రక్తవర్ణమగుటను గూర్చి యోవేలు ప్రవచనమును ఉదాహరించుట దీనిని ఉద్దేశించియే యని వారి ఊహ. ఉదయించునప్పటి ఆ పాక్షికగ్రహణము కంటికి ఎర్రగా కనబడుట దుర్ఘటమని బ్రాడ్లీ షేఫరు 1990లో ఖండించెను. ప్రవచనోక్తిని పంచాంగపు వ్రాతగా చదువుట నాకును ఉచితముగా తోచదు. మరి సిలువనాటి మధ్యాహ్నమున దేశమెల్ల చీకటి కమ్మెనన్నది సూర్యగ్రహణమేమో యని కొందరందురు. సూర్యగ్రహణము అమావాస్యకే గాని పూర్ణిమకు రాదని మన పల్లెలలోని ముసలమ్మ యెరుగును. 3వ శతాబ్దమునందే జూలియసు ఆఫ్రికానసు ఈ యుక్తినే చెప్పి ఆ వాదమును త్రోసిపుచ్చెను.

గ్రహణములకు చరిత్రలో విలువ లేదని కాదు. హేరోదు మరణమునకు ముందు చంద్రగ్రహణమొకటి కలిగెనని జోసీఫసు వ్రాసినాడు. దానిని క్రీస్తుపూర్వము 4, మార్చి 13 నాటిదానిగా పలువురు గుర్తించిరి. హేరోదు బ్రతికియుండగనే పుట్టిన యేసు జననము, అందుచేత, ఆయన పేర నడచుచున్న శకమునకు కొన్నియేండ్ల ముందునకే పోవుచున్నది. ఆ శకమును 6వ శతాబ్దమున కట్టిన డయొనీసియసు లెక్క తప్పెనన్నమాట.

పాతనిబంధన రాజుల కాలమునకు పోయినచో తిథివారములు మనకు తోడురావు. అచ్చట ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నవయేట అని మాత్రమే యుండును. ఆ యేటిని ఎట్లు లెక్కించిరన్నదే చిక్కు. నీసానుతో మొదలగు సంవత్సరమొకటి, తిష్రీతో మొదలగు సంవత్సరమొకటి యూదులకు కలవు. రాజు సింహాసనమెక్కిన కొరత సంవత్సరమును మొదటిదిగా గణించుటయు కలదు, దానిని విడిచి మరుసటి ఉగాదినుండి మొదటిదనుటయు కలదు. మన శాసనములలో గతశకవర్షము, వర్తమానశకవర్షము అను భేదము ఒక్కయేడు తేడా తెచ్చి పరిశోధకులను ఏడిపించినది ఇట్లే గదా! చిత్రభాను, విరోధి యను పేర్లు మనకు ఆ చిక్కును విడదీయును; యూదులకు ఆ సౌకర్యము లేదు.

యెహోయాకీను రాజు నెబుకద్నెజరునకు లొంగినది బబులోనురాజు ఏలుబడిలో ఎనిమిదవయేటనని రాజుల రెండవ గ్రంథము చెప్పగా, యిర్మీయా గ్రంథపు చివరి అధ్యాయము ఏడవయేటనని చెప్పుచున్నది. లేఖకులలో ఒకరు పొరబడిరని అనుకొనుచుండగా, 1956లో వైజ్‌మన్ అను పండితుడు బ్రిటిషు మ్యూజియములోని మట్టిపలకనొకదానిని చదివి ప్రకటించెను. అందులో బబులోను ఆస్థానలేఖకుడు తన రాజు ఏడవ సంవత్సరమున, అదారు నెల రెండవ దినమున యూదుల పట్టణము చిక్కెనని వ్రాసియుంచినాడు. అది క్రీస్తుపూర్వము 597, మార్చి 16. పట్టాభిషేకపు కొరత సంవత్సరమును విడిచినవారికి అది ఏడు, కలుపుకొన్నవారికి ఎనిమిది. ఇట్టి భేదములను సవరించి యూదా ఇశ్రాయేలు రాజుల కాలములను పొందుపరచిన ఎడ్విన్ తీలె గ్రంథము 1951లో వచ్చినది. ఆయన సవరణలన్నింటిని అందరును అంగీకరింపలేదు గాని, రెండు రాజ్యముల లేఖకులు రెండు విధములుగ లెక్కించిరన్న సూత్రము నిలిచినది.

ఈ యూదుల పంచాంగము తెలుగునాట కేవలము గ్రంథస్థము కాదని చెప్పిన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను చిన్న సమాజము తాము ఇశ్రాయేలు గోత్రపువారమని చెప్పుకొనుచు, సూర్యాస్తమయముతో శబ్బాతును ఆరంభించి, పస్కాను యూదుల తేదీలనే పాటించుచున్నది. వారి వంశకథ సత్యాసత్యములు వేరొక విచారణకు చెందినవి.

నిర్గమకాలము మాటయేమియని ఎవరైనను అడుగుదురు. సొలొమోను ఏలుబడి నాల్గవయేట, జీవు నెలలో మందిరనిర్మాణము మొదలుపెట్టెననియు, అది ఐగుప్తునుండి వెడలిన 480వ సంవత్సరమనియు రాజుల మొదటి గ్రంథమున్నది. దానిని అక్షరాలా గ్రహించినవారు క్రీస్తుపూర్వము 1446 ప్రాంతమునకు పోవుదురు. 480 యనగా పన్నెండు నలుబదులు, తరములను తెలుపు గుండ్రని సంఖ్య మాత్రమే యనువారు 13వ శతాబ్దమునకు దిగుదురు. నిర్గమకాండము మనకు ఆబీబు నెలను, పదునాలుగవ నాటి సాయంకాలమును చెప్పినది గాని, వారమును చెప్పలేదు, ఫరోయొక్క పేరైనను చెప్పలేదు. ఐగుప్తురాజు మెర్నెప్తా క్రీస్తుపూర్వము 1208 ప్రాంతమున నిలిపిన విజయశిలమీద ఇశ్రాయేలు అను జనము పేరు కనబడుచున్నది గనుక అప్పటికే వారు కనాను ప్రాంతమున నుండిరని మాత్రము తేలుచున్నది.